కరెంటు పోయాక టేపులో ఉన్నది

అక్షరాలు దిద్దిన ఈ చూపుడువేలి మీద ఒట్టు. ఇందులో ఒక్క ముక్క కూడా నేను కల్పించింది కాదు. నమ్మితే నమ్మండి, లేకుంటే మీ ఇష్టం... కానీ మధ్యలో నవ్వొద్దు. నవ్వితే నాకు వరస తప్పుతుంది.

నన్ను ఎరగని వాళ్ళకి ముందు నాలుగు మాటలు చెప్తాను. నా పేరు సత్తెమ్మ. మేముండేది నార్త్ కరోలినాలో, మోరిస్‌విల్‌లో. మా ఆయన మల్లేశం ఒక గోడౌన్‌లో రాత్రి డ్యూటీ చేస్తాడు. నలభై ఆరేళ్ళ దాకా నాకు అక్షరం ముక్క రాదు. ఇక్కడ ఆదివారాలు పిల్లలకి తెలుగు క్లాసు పెడతారు. సిగ్గు విడిచి వెనక బెంచీలో కూర్చున్నాను. చుట్టూ ఆరేళ్ళ పిల్లలు. వాళ్ళకి మాట రాదు, నాకు రాత రాదు. "ఆంటీ, మీరు ఏ గ్రేడ్?" అని అడిగింది ఒక పిల్ల. నీ గ్రేడే బిడ్డా అన్నాను.

చదవడం పట్టుబడేసరికి రెండేళ్ళయింది. ఇప్పటికీ వేలు పెట్టుకునే చదువుతాను. లైను చివరికి వచ్చాక, వేలు కింది లైనుకి దిగేదాకా గొంతు ఆగుతుంది. మాట సగంలో ఉన్నా సరే, ఆగుతుంది. మాట్లాడేటప్పుడు మాత్రం నన్ను ఎవరూ ఆపలేరు. చిన్నప్పుడే చదువుకున్నవాళ్ళకి ఈ రెండు గొంతుల తేడా తెలియదు. నాకు తెలుసు.

మా అమ్మాయి దివ్య కాలేజీకి పోతూ నాకొక వెబ్‌సైట్ పెట్టిచ్చింది. పేరు 'సత్తెమ్మ చూసింది'. టీవీలో చూసిందంతా అందులో రాస్తాను. సీరియళ్ళు, వంటల పోటీలు, మంచు మీద జారుతూ ఆడే ఆటలు. మధ్యలో మా పెరట్లో కాకరపాదు ముచ్చట్లు. అన్నిటికంటే ఎక్కువ ఆడపిల్లల టెన్నిస్. గెలిచిన పిల్ల గురించి లోకమంతా రాస్తుంది. నేను ఓడిన పిల్ల గురించి రాస్తాను. సంచి ఎట్లా సర్దుకుంది, పోతూ పోతూ ఎటు చూసింది... నా కళ్ళు అక్కడికే పోతాయి. పేజీ కింద ఎంతమంది వచ్చారో చూపే అంకె ఉంటుంది. రోజుకి ముప్ఫై, నలభై. హెర్న్‌డన్ నుంచి ఒకావిడ ప్రతి ఆటకీ ఉత్తరం రాసేది. పొద్దున లేస్తే మొహం కడుక్కోకముందే ఆ అంకె చూసుకునేదాన్ని.

నేను రాసే పద్ధతి వేరు. కూర్చుని రాయమంటే నాకు చేతకాదు, చెప్పమంటే చేతనవుతుంది. అందుకే ఎవరో ఇంటి ముందు పాత సామాన్లు పెట్టి అమ్మే యార్డ్ సేల్‌లో చిన్న టేప్‌రికార్డర్ కొన్నాను. బ్యాటరీలతో నడిచేది. టీవీ సౌండ్ పూర్తిగా తీసేస్తాను. ఆట చూస్తూ నా మాటల్లో చెప్పుకుంటూ పోతాను, చెప్పేదున్నప్పుడే టేపు తిప్పుతాను. తర్వాత లాప్‌టాప్ ముందు కూర్చుని ఆ టేపు వింటూ టైపు చేస్తాను. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులో పడేటట్టు దివ్య పెట్టింది. ఇంటర్నెట్ లేకున్నా పడుతుంది. ఉన్నది ఒక్కటే క్యాసెట్. రాసేశాక దాని మీదే మళ్ళీ రికార్డు చేస్తాను.

ఇక అసలు సంగతి.

మాకు క్లాసు చెప్పిన మేడం వసుంధర గారు. ఇండియాలో కాలేజీలో తెలుగు చెప్పి వచ్చినావిడ. ఒక పుట్టినరోజు ఫంక్షన్‌లో అందరూ ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు. ఎవరో నా వెబ్‌సైట్ మాట ఎత్తారు. మేడం నవ్వుతూనే అడిగింది, "సత్తెమ్మా, తప్పేం లేదు, చెప్పు. అది రాసేది దివ్యే కదా?"

నిజానికి అనుమానం రావడానికి సందుంది. దివ్య ఏడో తరగతి దాకా ఇండియాలోనే చదివింది. తెలుగు బాగా వచ్చు.

నేనే రాస్తాను మేడం అన్నాను. "నీ రాత నేను దిద్దలేదా ఏంటి?" అంది. అందరూ చూపులు ప్లేట్లలోకి దించేశారు. అదే నాకు కాలింది. అక్షరాలు ఇచ్చిన మనిషే నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు చెప్పండి?

అక్కడే అన్నాను. ఈ శనివారం దివ్య ఇంటికి రాదు, పరీక్షలు. ఆస్ట్రేలియాలో ఆడపిల్లల ఆట ఉంది, మనకి అర్ధరాత్రి మొదలు. తెల్లారి ఆరింటికల్లా నా పేజీలో ఉంటుంది. అందులో ఒక్క మాట వేరేవాళ్ళది ఉన్నా ఆ రోజే సైట్ మూసేస్తాను... ఇరవైమంది ముందు అన్న మాట. వెనక్కి తీసుకునేది కాదు.

శనివారం సాయంత్రం నుంచే వాన పట్టింది. ఇక్కడి చలికాలం వాన మీకు తెలుసు కదా. పడ్డది పడ్డట్టే గాజులా గడ్డకడుతుంది. కిటికీ అద్దం మీద టిక్... టిక్... అని సన్నటి మంచుపలుకులు. మా ఆయన ఫోన్ చేసి, రోడ్లు బాగాలేవు, పొద్దుటిదాకా గోడౌన్‌లోనే ఉంటానన్నాడు. భయపడకు అన్నాడు. నాకేం భయం, ఆట ఉందిగా అన్నాను.

ఆట మొదలైంది. పసుపు గౌను పిల్ల ఒకవైపు, తెల్లటోపీ పిల్ల ఒకవైపు. నేను సోఫాలో కూర్చుని టేపులోకి చెప్తూనే ఉన్నాను. చెరొక సెట్టు గెలిచారు. మూడో సెట్టు నాలుగు నాలుగు. తెల్లటోపీ పిల్ల సర్వీసుకి బంతి నేలకి కొడుతోంది. ఒకసారి... రెండుసార్లు...

టీవీ ఆరిపోయింది.

దీపాలు పోయాయి. హీటర్ ఆగింది. ఫ్రిజ్ కూడా ఆగింది. అది ఆగేదాకా అంతసేపూ మోగుతూ ఉందని నాకు తెలియలేదు. ఒక్కసారిగా ఇల్లంతా చెవులు మూసుకున్నట్టయింది. కిటికీ మీద టిక్... టిక్... అంతే.

టేపులోకి "కరెంటు పోయింది, నాలుగు నాలుగు మీద ఉంది" అని చెప్పి స్టాప్ నొక్కాను. టక్ మంది. ఆ టక్ నేను విన్నాను. ఇది మాత్రం ఎవరు ఎన్ని చెప్పినా నేను ఒప్పుకోను. నొక్కాను, టక్ మంది.

ఫోన్‌లో చూస్తే రెండుంబావు. దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. కళ్ళు మూసుకున్నాను. నిద్రపోలేదు... పోలేదనే అనుకుంటున్నాను. మళ్ళీ చూస్తే మూడైంది. కరెంటు రాలేదు. ఊరికే కూర్చుంటే ఆరింటికి ఏం పెడతాను? లాప్‌టాప్‌లో బ్యాటరీ ఉంది. కొవ్వొత్తి వెలిగించి, టేపు వెనక్కి తిప్పి, మొదలుపెట్టాను. ఒక వాక్యం వినడం, ఆపడం, కొట్టడం. వేళ్ళు చలికి కొయ్యబారుతున్నాయి. ఊదుకుని మళ్ళీ కొట్టడం. టేపులో నా గొంతు వెనక ఫ్రిజ్ మోత సన్నగా వినపడుతోంది. ఆ మోత వింటుంటే కొంచెం ధైర్యంగా ఉంది.

చివరికి వచ్చాను. టేపులో ఫ్రిజ్ ఆగింది. నా గొంతు, "కరెంటు పోయింది, నాలుగు నాలుగు మీద ఉంది." టక్.

నేను టేపు ఆపలేదు. చేతులు రెండూ కీబోర్డు మీదున్నాయి. ఆ వాక్యం కొడుతున్నాను.

టేపు తిరుగుతోంది... సుయ్యిమని ఉత్త చప్పుడు... తర్వాత నా గొంతు.

"తెల్లటోపీ పిల్ల సర్వీసు పోగొట్టుకుంది."

కొట్టాను.

"పసుపు గౌను పిల్ల ఆఖరి బంతిని గీత మీద పెట్టింది."

కొట్టాను. అలవాటు. చెవిలో పడ్డది వేళ్ళలోకి పోతుంది, మధ్యలో నేనుండను.

"ఆరు నాలుగు, ఆట అయిపోయింది."

కొట్టాను.

"ఓడిన పిల్ల తువ్వాలు తల... మీద కప్పుకుంది."

"అట్లాగే చేత్తో తడిమి, కింద ఉన్న ఒక... బంతి తీసి సంచిలో వేసుకుంది."

ఐదు వాక్యాలు. ఐదోది కొట్టాక నా చేతులు ఆగాయి. తర్వాత టేపులో ఏమీ లేదు. ఉత్త సుయ్యి.

నేను ఇది చెప్పలేదు కదా... నేను ఇది చూడలేదు కదా.

పాత రికార్డింగ్ కింద మిగిలిందేమో అనుకున్నాను. మీరూ అదే అనుకుంటున్నారు. కానీ పసుపు గౌను, తెల్లటోపీ ఆ రాత్రివే. సరే, మళ్ళీ వెనక్కి తిప్పాను. ఈసారి వెనకాల చప్పుళ్ళు విన్నాను. ఫ్రిజ్ మోత లేదు. టిక్... టిక్... కిటికీ మీద మంచు ఉంది. అంటే చీకట్లో పలికిన మాటలు. ఈ గదిలోనే.

ఇంకోటి కూడా ఉంది. నెమ్మదిగా చెప్తాను.

ఆ గొంతు మాట్లాడటం లేదు. చదువుతోంది.

నేను చదివినట్టే చదువుతోంది. మాట మధ్యలో ఆగుతోంది. "తువ్వాలు తల" అని ఆగింది. "ఒక" అని ఆగింది. ఎవరైనా అక్కడ ఎందుకు ఆగుతారు?

అప్పుడు స్క్రీన్ వైపు చూశాను.

నేను కొట్టిన ఐదు వాక్యాలు అక్కడున్నాయి. పై లైను 'తువ్వాలు తల' దగ్గర అయిపోయింది. 'మీద కప్పుకుంది' కింది లైనులో ఉంది. ఆ లైను 'ఒక' దగ్గర అయిపోయింది. 'బంతి' కింది లైనులో ఉంది.

మూడోసారి పెట్టాను. స్క్రీన్ మీద వేలు పెట్టి టేపుతో పాటు జరిపాను. నా వేలు లైను చివరికి పోయినప్పుడల్లా టేపులో గొంతు ఆగింది. వేలు కిందికి దిగగానే మళ్ళీ మొదలైంది. ఒక్కచోట కూడా తప్పలేదు. ఆగిన చోట చెవి పెడితే... సర్... అని సన్నటి చప్పుడు. వేలు జరిగినట్టు.

నేను ఆ నిమిషం టైపు చేసింది, టేపులో ముందే ఎవరో చదివి పెట్టారు.

ఒళ్ళంతా చెమట. ఇంట్లోనేమో నోట్లోంచి ఆవిరి వస్తోంది. వెనక్కి తిరిగి చూడాలంటే మెడ తిరగలేదు. కొవ్వొత్తి వెలుగు గోడ మీద ఊగుతోంది. ఎంతసేపు అట్లా ఉన్నానో తెలియదు.

కానీ ఒక మాట చెప్పాలి. దయ్యం భయం కంటే నాకు వేరే భయం ఎక్కువైంది. ఒక్క మాట వేరేవాళ్ళది ఉన్నా మూసేస్తానన్నాను. ఇవి ఎవరివి? గొంతు నాది. కొట్టిన వేళ్ళు నావి. పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది? ఆట మొత్తం వచ్చేస్తుంది. పైగా నిజం చెప్తున్నా... ఆ ఐదు వాక్యాలు బాగున్నాయి. ఆ పిల్ల తువ్వాలు కప్పుకుని బంతి తీసుకోవడం నేను చూసుంటే అదే రాసేదాన్ని.

చూసుంటే.

గదిలోకి గట్టిగా చెప్పాను. "నువ్వెవరైనా సరే. నేను చూడంది నేను రాయను."

టిక్... టిక్...

ఐదు వాక్యాలూ చెరిపేశాను. ఒక్కసారి కాదు, ఒక్కొక్క అక్షరం. అవి పోతున్నప్పుడు వెనక ఎవరో నిలబడి చూస్తున్నట్టే ఉంది. ఉండనీ అనుకున్నాను. టేప్‌రికార్డర్ బ్యాటరీలు తీసి వంటింట్లో బియ్యం డబ్బా మీద పెట్టాను.

ఐదున్నరకి కరెంటు వచ్చింది. ఫ్రిజ్ గుర్రుమంటే చిన్నపిల్లలా ఏడ్చేశాను. తుడుచుకుని పేజీ పెట్టాను. చివర్న ఇట్లా రాశాను: 'నాలుగు నాలుగు మీద కరెంటు పోయింది. నేను చూసింది ఇంతవరకే. మిగతాది చూసినవాళ్ళని అడగండి.' ఆరింటికి పది నిమిషాలుంది.

అప్పుడే స్కోరు చూశాను. పసుపు గౌను పిల్ల గెలిచింది. ఆరు నాలుగు.

ఎనిమిదింటికి మేడం ఫోన్. సగమే ఉందేంటి అంది. ఉన్నంతే మేడం అన్నాను.

"దివ్య అయితే స్కోరు చూసి పూర్తి చేసేది," అంది. "క్లాసులోనూ అంతే. తెలియని చోట పక్కపిల్లని చూసి రాయమన్నా రాసేదానివి కాదు, ఖాళీ వదిలేదానివి. నువ్వే రాస్తున్నావు సత్తెమ్మా. నేనే తప్పు మాట్లాడాను." తర్వాతి ఆదివారం క్లాసులో తల్లిదండ్రులందరి ముందు అదే మాట మళ్ళీ అంది. నెగ్గాను. కానీ ఆ పూట కూడా నాకు అన్నం సయించలేదు.

ఆ టేపు మా ఆయనకి వినిపించాను. నీ గొంతే అని అటు తిరిగి పడుకున్నాడు. దివ్యకి ఫోన్‌లో వినిపించాను. నిద్రలో మాట్లాడుంటావ్ అమ్మా, ఫ్రిజ్ ఆఫ్ అయ్యాక రికార్డ్ ఆన్ చేసుంటావ్, స్కోర్ జస్ట్ గెస్ అంది. సరే. నిద్రలోనే అనుకుందాం. మరి లైన్లు? నేను ఇంకా కొట్టని లైన్లు ఎక్కడ తెగుతాయో నా నిద్రకి ఎట్లా తెలుసు? దానికి, తిన్నావా అమ్మా అని అడిగింది.

ఆట హైలైట్స్ వేసినప్పుడల్లా చూశాను. నాలుగైదుసార్లు వేశారు. ఆఖరి బంతి గీత మీదే పడింది. వెంటనే గెలిచిన పిల్లని చూపిస్తారు. గెంతుతుంది, ఏడుస్తుంది, చేతులూపుతుంది. ఓడిన పిల్ల కుర్చీ వైపు కెమెరా ఒక్కసారి కూడా తిరగలేదు.

నేను రాయడం ఆపలేదు. ఆ రికార్డరే, ఆ పద్ధతే. కాకపోతే ఇప్పుడు నా మాటలయిపోయాక టేపు ఆపను. సైడు చివరిదాకా తిరగనిచ్చి వింటాను. ఇప్పటిదాకా ఏమీ రాలేదు. ఉత్త సుయ్యి.

ఎప్పుడైనా వస్తే మాత్రం లేచి పారిపోను. ఆ పిల్ల ఆ బంతి ఎందుకు తీసుకుపోయిందో అడుగుతాను.