తడిగుడ్డ కింద పిండి ముద్ద

పక్క క్వార్టర్ అప్ప పోయిందన్న కబురు శుక్రవారం పొద్దున్న కుళాయి దగ్గర విన్నాను. బిందె అక్కడే వదిలేసి పరుగెత్తాను. నిద్రలోనే వెళ్ళిపోయింది. ఆదివారం మా మందిరంలో ప్రభువు బల్ల, అంటే క్రీస్తు శరీరమని తలచి అందరం రొట్టె పంచుకునే ఆరాధన. దానికోసం జల్లించిన పిండి ఆమె వంటగట్టు మీద మూతపెట్టి ఉంది.

మీరు ఆమెను ఎరగరు. అప్ప అంటే మా వైపు అక్క. ఈ హిందీ ఊళ్ళో సెక్టర్ ఆరులో ఉన్న తెలుగువాళ్ళందరికీ ఆమె అప్పే. నెలనెలా బల్లకు పులియని రొట్టె చేసేది ఆమే. శనివారం సాయంత్రం తలమీద కొంగు కప్పుకుని కూర్చుంటే పిండి కలిపేంతసేపూ నోట మాట ఉండదు. ఎవరితోనైనా మనస్పర్థ ఉందని గుర్తొచ్చిందా, చేతులు ఆగిపోయేవి. పిండి మీద తడిగుడ్డ కప్పి, ఆ మనిషి ఇంటికి వెళ్ళి, సమాధానపడి వచ్చాకే మిగతా పని.

ఒకసారి నీళ్ళ దగ్గర అప్పా మా ఆవిడా మాటా మాటా అనుకున్నారు. సాయంత్రానికి అప్ప మోచేతుల దాకా పిండితో మా గుమ్మంలో నిలబడింది.

"ఏటే సెల్లీ, ఇంకా మూతి ముడుచుకునే ఉన్నావేటి? బేగి నవ్వు, అక్కడ నా పిండి ఎండిపోతంది!"

మా ఆవిడ నవ్వాపుకోలేక "ఎల్లు అప్పా, ఎల్లు" అంది.

అంత భక్తిగా చేసిన రొట్టెకు మొన్న క్రిస్మస్ నాడు ఏం జరిగిందో రాయడానికే నాకు రోత. సంఘపెద్దల్లో ఒక కాంట్రాక్టరు వీడియో తీసేవాణ్ణి పిలిపించాడు. విజయనగరంలో చుట్టాలకు చూపించుకోవాలట. పాస్టరు గారు రొట్టె ఎత్తి, ప్రార్థన చేసి, దించారు. వీడియోవాడు "లైట్ నహీ థా, ఫిర్ సే" అన్నాడు. కాంట్రాక్టరు లేచాడు.

"అయ్యగారూ, ఇంకోపాలి ఎత్తండి. కేసెట్లో పళ్ళేదట."

అయ్యగారు ఎత్తారండీ! ఛీ! ప్రభువు శరీరమని చెప్పుకునే రొట్టెను పెళ్ళి వీడియోలో తాళిబొట్టులా మళ్ళీ ఎత్తి చూపించారు. ఈలోగా జుట్టు దువ్వుకున్నవాళ్ళు కొందరు, చీర సర్దుకున్నవాళ్ళు కొందరు. చాప మీంచి అప్ప ఒక్కతే అడిగింది.

"ఏటి బాబూ, దేవుడిక్కూడా మొదటిపాలి కనపళ్ళేదేటి?"

"నీకేటి తెలుసు, కూకో ముసిల్దానా" అన్నాడు కాంట్రాక్టరు.

మా అమ్మాయి లేచి బయటికి నడిచింది. నాకున్నది ఒక్కతే కూతురు. రోడ్డు మీద "నాన్నా, ముఝే ఘిన్ ఆతీ హై. వాళ్ళు తినే బల్ల దగ్గర నేను తినను. ఇంక రాను" అంది. నాకూ అదే రోత. అయినా నేను వెళ్తూనే ఉన్నాను. ప్రతి ఆదివారం పక్కన ఆమె చోటు ఖాళీగా ఉంటే నా గుండె ఖాళీ అయినట్టుండేది.

అప్ప బోధలేమీ చెయ్యలేదు. "అమ్మీ, నాకు కీళ్ళు లాగేత్తన్నాయి, పిండి పిసుకుదువుగాని రా" అని శనివారాలు పిలుచుకునేది. అక్కడ ఓరోజు మా అమ్మాయి "పెద్దమ్మా, నీకు వాళ్ళంటే అసహ్యం వెయ్యదా?" అని అడిగిందట.

"ఎందుకెయ్యదే? కక్కొస్తాది. అయితే ఈ రొట్టె ఆల్దేటి? ఆల్దే అయితే నేనెందుకు సేత్తాను?"

అయినా మా అమ్మాయి పిండి పిసికిందే గానీ మందిరం గడప తొక్కలేదు.

శనివారం పొద్దున్న సమాధి చేశాం. అక్కడా ఆ వీడియోవాడే! "భయ్యా, థోడా పాస్ ఆయియే" అంటుంటే పెద్దమనుషులు పెట్టె పక్కన చోటు కోసం తోసుకున్నారు. ముసిల్దానా అన్నవాడే జేబురుమాలు తీసి పొడికళ్ళు తుడుచుకున్నాడు. గేటు దాటకముందే వాడి నోట ఇంకో మాట.

"రేపు బల్లకి బేకరీ బ్రెడ్డు ముక్కలు కోసేద్దాం. ఎవడు సూత్తాడు?"

"వద్దు" అంది మా అమ్మాయి. "నేను చేసి తెస్తాను."

సమాధుల తోటలో సంతోషించాడు ముసలాడు అని నవ్వుకుంటే నవ్వుకోండి. అప్పను మట్టికి అప్పజెప్పిన చేతులతోనే నా చిట్టితల్లి తలమీద చెయ్యివేసి ఏడ్చాను, ఆనందంతో. పోతూ పోతూ అప్ప నా బిడ్డను నాకు తిరిగి ఇచ్చి పోయింది. ఆ మహాతల్లి రుణం ఏమిస్తే తీరుతుంది!

సాయంత్రం మా అమ్మాయి అప్ప జల్లించిన పిండే తెచ్చుకుని, చున్నీ తలమీద కప్పుకుని మా వంటింట్లో కూర్చుంది. కాసేపటికి చేతులు ఆగిపోయాయి.

"నాన్నా, తడిగుడ్డ."

నాకు అర్థమైపోయింది. "ఆడి దగ్గరికా? ఆడి మొహం సూత్తేనే నాకు డోకొస్తాది! కావలిస్తే ఆణ్ణే రమ్మను!"

"నాకూ వస్తుంది నాన్నా. కానీ ఇది పెద్దమ్మ పిండి."

పిండి మీద గుడ్డ కప్పి, సైకిలు తీసుకుని కాంట్రాక్టరు ఉండే కోహ్కా వైపు వెళ్ళింది. తలుపు గడియ మీద ఆమె వేళ్ళ గుర్తులు తెల్లగా మిగిలాయి. వాడంటే నాకు రోత ఇప్పటికీ తగ్గలేదు, అబద్ధమెందుకు చెప్పాలి? ఆ రోతతోనే పళ్ళెం ముందు కూర్చున్నాను. గుడ్డ అంచు ఆరుతున్నట్టు కనిపిస్తే, చెంబులో వేళ్ళు ముంచి కాసిని నీళ్ళు చిలకరించాను.