గోంగూర సీసాలో తూటాలు

2022 వేసవి. అమెరికాలోని ప్లేనోలో ఒక గన్ షాపులో గన్‌స్మిత్‌గా నాకది ఏడో ఏడు. గన్‌స్మిత్ అంటే తుపాకులు అమ్మే మనిషి మాత్రమే కాదు. వాటిని విప్పి, బాగుచేసి, పట్టుకునే చేతికి సరిపోయేలా అమర్చిపెట్టే మనిషి. నేను ఆడదాన్ని, పైగా తెలుగుదాన్ని. కౌంటర్ దగ్గరికి వచ్చే మనవాళ్ళలో సగం మంది నా భుజం మీదుగా వెనక్కి తొంగిచూసి, "ఇక్కడ గన్స్ గురించి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతారు. "నేనే" అంటాను. అప్పుడు వాళ్ళ మొహాలు చూడటం నాకు జీతం కాకుండా దొరికే సంతోషం.

జూన్‌లో విజయ్, సునీత వచ్చారు. మా తెలుగు చర్చిలో రెండు వరసల వెనక కూర్చునే జంట. అతను ఐటీ. ఆమె ఇండియన్ స్టోర్ పక్కన చిన్న గది అద్దెకు తీసుకుని థ్రెడింగ్ చేస్తుంది. నా కనుబొమలు కూడా ఆమె చేతి చలవే. వారం కిందట ఆమె షాపు మూసి కారు దగ్గరికి నడుస్తుంటే ఒకడు వెంటపడి, డోర్ హ్యాండిల్ దాకా వచ్చాడట. అందుకని కన్సీల్డ్ క్యారీకి, అంటే బట్టల మాటున కనపడకుండా పెట్టుకుని తిరగడానికి, ఒక పిస్టల్ కావాలి.

"అక్కా, అన్నిటికన్నా చిన్నది చూపించండి. తన చేతులు చిన్నవి కదా" అన్నాడు విజయ్.

అందరూ చేసే తప్పు ఇదే. చిన్న పిస్టల్ తేలిగ్గా ఉంటుంది కాబట్టే పేలినప్పుడు చేతిని ఎక్కువ తంతుంది. పైన జరిగే భాగాన్ని స్లైడ్ అంటారు. చిన్నవాటిలో దాన్ని వెనక్కి లాగడానికి బలం కూడా ఎక్కువ కావాలి. నేను మధ్యరకం ఒకటి తీసి, ఖాళీగా ఉందని ఇద్దరికీ చూపించి, సునీత చేతిలో పెట్టాను. ఆమె వేళ్ళు దాని చుట్టూ చక్కగా కుదురుకున్నాయి.

"ఇది బాగుందక్కా" అంది మెల్లగా.

"నీకేం తెలుసు? నేను వీడియోలన్నీ చూశాను" అన్నాడు విజయ్.

నాకు ఒళ్ళు మండిపోయింది. పట్టుకునేది ఆమె, కాల్చాల్సి వస్తే కాల్చేది ఆమె, బాగుందో లేదో చెప్పేది మాత్రం ఇతను! చెప్పాల్సినదంతా చెప్పాను. చివరికి వాళ్ళు ఆ చిన్నదే కొనుక్కుని వెళ్ళారు.

తర్వాతి నెల ఒక శనివారం మధ్యాహ్నం మా షాపు వెనక ఉన్న షూటింగ్ రేంజ్‌కి, కాల్చడం ప్రాక్టీస్ చెయ్యడానికి వచ్చారు. ఆ రోజు రేంజ్‌లో నిలబడి అందరినీ కనిపెట్టి చూసే డ్యూటీ నాది. సునీత పిస్టల్‌ని హ్యాండ్‌బ్యాగ్‌లోంచి తీసింది. దువ్వెన, తాళాలు, దారపు ఉండలు, వాటి మధ్యన పిస్టల్! ట్రిగ్గర్‌ని కప్పే ఒర, అదే హోల్‌స్టర్, కూడా లేదు. పైగా విజయ్ ట్రిగ్గర్ స్ప్రింగ్ మార్చేశాడట, నొక్కడానికి తేలిగ్గా ఉంటుందని. టార్గెట్ మీద పోటీలు ఆడేవాళ్ళకి తేలిక ట్రిగ్గర్ ముచ్చట. బ్యాగులో పెట్టుకుని తిరిగే మనిషికి అదొక గండం. ఒక తాళంచెవి గట్టిగా తగిలితే చాలు. "దీన్ని ఇలా వాడటం ఇదే చివరిసారి. ఇంటికెళ్ళే ముందు ఇది నా బెంచ్ మీదకి రావాలి" అని చెప్పాను. అప్పుడే లాగేసుకోవాల్సింది. పిడిలోకి దూర్చే మేగజైన్‌లో ఉన్న తూటాలు ఎక్కడివని కూడా అడగలేదు. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను.

మొదటి నాలుగూ సరిగ్గానే పేలాయి. ఐదోది "తుప్" అంది. అంతే. తన్నలేదు, స్లైడ్ కదల్లేదు. సునీత ఆగిపోయి చేతికేసి చూసుకుంది.

"జామ్ అయింది, ఏం లేదు. స్లైడ్ లాగి మళ్ళీ కాల్చు" అన్నాడు విజయ్ వెనకనుంచి.

ఆమె లాగింది. తూటా ఖాళీ తొడుగు బయటపడి కొత్త తూటా లోపలికి వెళ్ళింది. వేలు ట్రిగ్గర్ మీదకి వెళ్తోంది.

"ఆపు! వేలు తియ్యి! సీజ్ ఫైర్!" అని నేను అరిచిన అరుపుకి రేంజ్ మొత్తం ఆగిపోయింది. సునీత వేలు తీసేసింది.

పిస్టల్ తీసుకుని, తూటాలన్నీ ఖాళీ చేసి, బ్యారెల్‌లోకి సన్నటి రాడ్ పోనిచ్చాను. సగంలో ఆగిపోయింది. ఐదో తూటా మొన గొట్టం మధ్యలోనే ఇరుక్కుని ఉంది. దీన్ని స్క్విబ్ అంటారు. తొడుగులో పేలే పౌడర్ లేకపోతే, వెనకుండి నిప్పందించే ప్రైమర్ చిటుక్కుమన్న బలంతో మొన కొంచెం దూరం జరిగి ఆగిపోతుంది. దాని వెనక ఇంకోటి కాలిస్తే బయటికి దారి ఉండదు. బ్యారెల్ బద్దలవుతుంది. దాన్ని పట్టుకున్న వేళ్ళు ఏమవుతాయో చెప్పక్కర్లేదు. సునీతకి ఆ వేళ్ళే బతుకుతెరువు.

"ఈ తూటాలు ఏ షాపులో కొన్నారు?"

సునీత బ్యాగు అడుగునుంచి ఒక ప్లాస్టిక్ సీసా తీసింది. మూత మీద మార్కర్‌తో రాసి ఉంది: "గోంగూర, ఉప్పు తక్కువ." సీసా నిండా తూటాలు.

"శామ్యూల్ అంకుల్ ఇంట్లో చేసినవక్కా. ప్రేమగా ఇచ్చారు. ఎలా వద్దంటాం?" అన్నాడు విజయ్.

శామ్యూల్ గారు మా చర్చి పెద్ద. ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. వాడేసిన తొడుగులు ఏరి తెచ్చి, కొత్త ప్రైమర్, పౌడర్, మొన పెట్టి మళ్ళీ తయారుచేస్తారు. దాన్ని రీలోడింగ్ అంటారు. మంచి పనే, శ్రద్ధ ఉంటే. కానీ తాను చేసినవి తాను కాల్చుకోవాలే గాని, పచ్చళ్ళలాగా ఇంటింటికీ పంచేవి కావవి. వాళ్ళావిడ పచ్చడి సీసాల మీద పేరు, తేదీ, ఉప్పెంతో కూడా రాస్తారు. ఈయన తూటాల మీద ఏ పౌడరో, ఎప్పుడు చేశారో ఒక్క ముక్క లేదు!

ఆ సీసాలోవి అన్నీ విప్పి తూకం వేశాను. ఇంకొకదాంట్లో పౌడర్ లేదు. దానికన్నా ఘోరం, రెండింట్లో ఒకటికి రెండింతలు ఉంది. ఖాళీది గొట్టంలో ఇరుక్కుంటుంది. రెండింతలది, ముందు ఏమీ అడ్డం లేకపోయినా పిస్టల్‌ని పేల్చేయగలదు.

సోమవారం ఆయన గరాజ్‌కి వెళ్ళాను. పనిముట్లన్నీ తళతళలాడుతున్నాయి. తూటా బిగించే ప్రెస్ పక్కనే, చిన్న స్టాండ్‌లో ఫోన్. సీసాలో ఏం దొరికిందో ఆయనకి చెప్పాను.

"నేను లెక్క తప్పనమ్మా. ఇన్నేళ్ళుగా చేస్తున్నాను. నువ్వొచ్చి నాకు నేర్పుతావా?"

"ఈ ఫోనెందుకంకుల్ ఇక్కడ?"

"పొద్దున్నే ఫోన్‌లో అందరం కలిసే ప్రేయర్ లైన్ ఉంటుంది కదా. స్పీకర్‌లో పెట్టుకుని పని చేసుకుంటాను. మంగళవారం, శుక్రవారం లీడ్ చేసేది నేనే."

"ప్రార్థన కళ్ళు తెరుచుకుని చేస్తారా?"

"అదేం మాటమ్మా? మూసుకునే చేస్తాం."

"మరి కళ్ళు మూసుకున్నంతసేపూ మీ చెయ్యి ఎక్కడుంటుంది అంకుల్?"

ఆయన ప్రెస్ లివర్‌కేసి చూశారు. ఆమెన్ అని కళ్ళు తెరిచాక, ముందున్న తొడుగులో పౌడర్ పోశారో లేదో ఆయనకెలా తెలుస్తుంది? ఒకసారి పోశాననుకుని వదిలేశారు, ఇంకోసారి పోయలేదనుకుని మళ్ళీ పోశారు. ముప్పై ఏళ్ళ ఇన్‌స్పెక్టర్, మొన బిగించేముందు లైటు వేసి ఒక్కొక్క తొడుగులోకీ చూడలేదు.

"దేవుడు కాపాడాడమ్మా" అన్నారు చివరికి.

"కాపాడాడు, కాదనను. కానీ మీరు పంచే ప్రతి సీసాకీ ఆయన్నే కాపలా పెడతారా అంకుల్?"

చర్చిలో ఆ మాట పాకిపోయింది. పెద్దాయనతో అలాగేనా మాట్లాడేది అని కొందరు నామీద విసుక్కున్నారు. ఒక మనిషి చెయ్యి పోయేదని ఒక్కరికీ పట్టలేదు. ఆ ఆదివారం నాతో సరిగ్గా మాట్లాడింది సునీత ఒక్కతే.

వారం తర్వాత ఆమె ఒంటరిగా షాపుకొచ్చింది. "అక్కా, మొదట నా చేతికి ఇచ్చారే, అది కావాలి" అంది. ట్రిగ్గర్ కంపెనీ పెట్టింది పెట్టినట్టే ఉంచాను. పిడికి ఆమె అరచేతికి తగ్గ వెనక పలక వేశాను. గురి చూసుకోవడానికి, చీకట్లోనూ కనబడే సైట్లు బిగించాను. ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే హోల్‌స్టర్ ఇచ్చి, బ్యాగులో కాదు, నడుముకి పెట్టుకోవడం నేర్పాను.

"ఒకటి చెప్పనా అక్కా? ఐదోది 'తుప్' అన్నప్పుడు ఏదో తేడా ఉందని నాకు తెలిసింది. చేతికి తెలిసింది. ఆయన కాల్చమన్నారు కదా అని..." అని ఆగింది.

అప్పుడే తలుపు తెరుచుకుంది. శామ్యూల్ గారు. చేతిలో అట్టపెట్టె, దాన్నిండా సీసాలు. చర్చిలో ఎవరెవరికి ఇచ్చారో ఇంటింటికీ తిరిగి వెనక్కి తెచ్చారు. పెట్టె కౌంటర్ మీద పెట్టి, "నన్ను క్షమించమ్మా" అన్నారు నాతో.

"అడగాల్సింది నన్ను కాదంకుల్" అన్నాను. నా గొంతులో కోపం ఇంకా తగ్గలేదు.

ఆయన సునీత వైపు తిరిగారు. "ఆ రోజు ఏ చేత్తో పట్టుకున్నావమ్మా?" అని అడిగారు.

సునీత కుడిచెయ్యి చాపింది. ఆయన ఆ ఐదు వేళ్ళనీ ఒక్కొక్కటిగా చూశారు, కళ్ళు మూసుకోకుండా.

అప్పటినుంచీ నా కౌంటర్ దగ్గర రెండు నియమాలు. తూటాలు ఎవరు చేశారో అడగకుండా ఎవరినీ రేంజ్‌లోకి పంపను. భార్యకి పిస్టల్ కొనడానికి వచ్చిన భర్తని మూలనున్న కుర్చీలో కూర్చోమంటాను. మాట్లాడాల్సింది ఆమె చెయ్యి.