జనానా మీది రేకు తలుపులు

డిప్లొమా చేతికొచ్చాక నాకు దొరికిన మొదటి పని సంగారెడ్డిలో ఒక సినిమా హాలు పైకప్పు మీద. తడిపిన వట్టివేళ్ల తడకల్లోంచి చల్లగాలిని లోపలికి నెట్టే బ్లోవర్‌ను హాలు యజమాని సేటు అప్పటికే పెట్టించాడు. ఆ గాలి బయటికి పోయే దారి మాత్రం పెట్టించలేదు. జనం నిండితే హాలంతా ఉక్కపోత.

మేం చేయవలసింది ఇంతే: పైకప్పుకు కంతలు కొట్టాలి, ఒక్కో కంత మీద పెట్టె బిగించాలి, పెట్టెకు పైన రేకు తలుపు పెట్టాలి. లోపల ఒత్తిడి పెరిగితే తలుపు దానంతటదే లేస్తుంది. బ్లోవర్ ఆగితే తన బరువుకు తనే మూసుకుంటుంది. కొలతలు నావి. రేకు పని ఊళ్లోనే ఉండే ఒక ఉస్తాద్‌ది.

ఉస్తాద్ భార్యను నేను చాచీ అనేవాణ్ణి. ఆమెకు ఉబ్బసం. డేరా టాకీసు ఉన్న రోజుల్లో ఒక్క ఆట కూడా వదల్లేదట. హాలు కట్టాక ఒకసారి వచ్చి, ఊపిరాడక సగంలోనే లేచి వెళ్లిపోయింది.

"మీ చాచీ రోజూ అడుగుతది, ఆ కిటికీలు ఎప్పుడైతయని," అన్నాడు ఉస్తాద్ రేకు వంచుతూ. "కిటికీలు కావే పిచ్చిదానా అంటే వినదు. జెర జల్దీ చెయ్యి ఇంజనీర్ సాబ్, ఇంట్ల నాకు గాలాడ్తలేదు."

ఆడవాళ్లకు హాల్లో ఒక పక్క జనానా ఉండేది. దాని తలుపుకు ఆయా లోపల గడియ పెట్టేది. దీపాలు వెలిగి ఉన్నంతసేపూ మగవాళ్ల వైపుకు పర్దా వేసి ఉంచేవారు. ఆట మొదలై దీపాలు ఆరాక పక్కకు లాగేవారు.

పని పూర్తయిన రోజు అన్ని తలుపులూ పరీక్షించాను. చక్కగా లేచాయి. సాయంత్రం ఆటకు చాచీ వచ్చింది. ఉస్తాద్ ముందే ఆయాతో చెప్పి, సరిగ్గా రేకు తలుపు కింది కుర్చీ, పర్దా పక్కదే, ఆమెకు ఉంచాడు.

ఇంటర్వెల్‌లో దీపాలు వెలిగాయి, పర్దా వేశారు. నేను మగవాళ్ల వైపు వెనక నిలబడి ఉన్నాను. పర్దా మొదట ఉబ్బింది. తర్వాత అంచు నేల విడిచి, మొత్తం మా వైపుకు లేచింది. దాని వెనక చాచీ, బురఖా ముసుగు పైకి వేసుకుని, నోరు తెరిచి ఊపిరి పీల్చుకుంటూ ఉంది.

"సలామ్ ఖాలాజాన్!" అని అరిచాడు ఎవడో ముందు బెంచీలోంచి.

"అరే, అసలు ఖేల్ ఇప్పుడు షురువైంది రా!" అన్నాడు ఇంకొకడు. ఈలలు. బ్లోవర్ ఆపించేసరికి చాచీ కుర్చీ ఖాళీగా ఉంది.

నేను నిచ్చెనెక్కి చూశాను. మగవాళ్ల వైపు తలుపులు బాగానే ఉన్నాయి. జనానా మీదివి చేత్తో ఎత్తితే బరువుగా ఉన్నాయి. ఒక్కోదాని అంచుకు సీసం ముక్క అతికించి ఉంది. నేను పరీక్ష చేసి దిగిపోయాక అతికించినట్టున్నారు. ఆ బరువుకు రేకు తలుపులు లేవక, జనానా తలుపుకు లోపల గడియ ఉండి, అక్కడికి వచ్చే బ్లోవర్ గాలికి పర్దా ఒక్కటే దారి అయింది.

ఉస్తాద్ నా వెనకే ఎక్కి వచ్చాడు.

"పావురాలు ఆడాడ కూసుంటున్నయి," అన్నాడు. "తలుపు ఊకె లేస్తే దుమ్ము పడ్తది. ఆమె మీద పడ్తదని..." సీసం ముక్కల్ని వేళ్లతోనే పెరికాడు.

మర్నాడు పర్దా కదలకుండా నిలువుగా వేలాడింది. ఆ మాట చెప్పడానికి వాళ్లింటికి వెళ్లాను. చాచీ తలుపు చాటు నుంచే మాట్లాడింది.

"మంచిగ చేసిండ్రు బేటా. ఆడోళ్లందరు సూడనీ. నాకు ఇగ వద్దు."

ఉస్తాద్ ఎన్నిసార్లు బతిమాలినా రాలేదు. హాల్లో ఆ కుర్చీలో వేరేవాళ్లు కూర్చునేవారు.

ఎండలు ముదిరేసరికి ఆమెకు ఆయాసం ఎక్కువైంది. ఉస్తాద్ తన ఇంటి రేకుల కప్పుకే కంత కొట్టి, ఆమె మంచానికి సరిగ్గా పైన అలాంటిదే ఒక తలుపు పెట్టాడు. బ్లోవర్ లేని ఇంట్లో అది తనంతట లేవదని ఆయనకు తెలుసు. తాడు కట్టి, ఆమెకు దమ్ము వచ్చినప్పుడల్లా పక్కన కూర్చుని లాగేవాడు. పటాన్‌చెరులో ఒక గోదాము పనికి పోదాం రమ్మంటే, "ఈ తాడు ఎవరు గుంజుతరు?" అన్నాడు.

నేను ఒక్కణ్ణే వెళ్లాను. చాచీ పోయిన సంగతి అక్కడే తెలిసింది.

పరామర్శకు వెళ్లేసరికి ఉస్తాద్ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తాడు మేకుకు కట్టేసి ఉంది, తలుపు తెరిచే ఉంది. బయట గాలిదుమారం. ఖాళీ మంచం మీద సన్నగా ఎర్రమట్టి పరుచుకుంది.

తాడు విప్పబోయాను.

"దుమ్ము పడుతోంది ఉస్తాద్."

"పడనియ్ బేటా," అన్నాడు.