విసుర్రాయి పిడి మీద మా వదిన చెయ్యి

మా వదిన చనిపోయిందన్న కబురు నాకు కొత్తూరులో, బండికి గడ్డి ఎత్తుతుండగా అందింది. మా పాలివాడొకడు శంషాబాద్ నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి చెప్పాడు. నేను నమ్మలేదు.

"నిన్ననే నన్ను వాడంత ఇనేటట్టు తిట్టింది. గంత గట్టిగ తిట్టినామె ఎట్ల సస్తదిరా?" అన్నాను.

"నీతోని పరాచికాలాడనీకి గింత దూరం ఎండల పడి వస్తనా? జల్ది నడువన్నా!"

వాడి మొహం చూశాక చేతిలో మోపు జారింది. ఏడుపు కంటే ముందు నాకొచ్చిన ఆలోచన చెప్తే మీరు నన్ను అసహ్యించుకుంటారు. ఈ పొద్దుగూకితే నేనెక్కడికి పోవాలి? అదే నా మొదటి ఆలోచన.

నేను నాలుగో తరగతిలో పంతులు కుర్చీ కింద కప్పను పెట్టి బడి వదిలినవాణ్ణి. అప్పటినుంచి బండి తోలుకుంటూ, ఊరందరినీ ఆట పట్టిస్తూ బతికాను. దాంతోపాటు కల్లు. ఒకసారి బండి మీద నుంచి పడి, పక్కటెముకలు విరిగి, మానేశాను. చాలా కాలం ముట్టలేదు. ఆ తర్వాత రావిర్యాలలో ఒక పెళ్లిలో వియ్యాలవారు బలవంతం చేస్తే ఒక్క లొట్టి అనుకున్నాను. ఆ పెళ్లికూతురు అత్తారింట్లో కుదురుకుంది గానీ నేను కల్లు దుకాణం నుంచి బయటికి రాలేకపోయాను. యుద్ధం రోజులు, పెట్రోలు దొరక్క బండ్లకే గిరాకీ. నాకు మాత్రం పగ్గాలు పట్టే సోయి లేదు. ఎడ్లే దారి గుర్తుపెట్టుకుని నన్ను ఇంటి ముందు దించేవి.

నా అంతట నేను నిలబడలేనని అప్పుడు తెలిసింది. ఎవరినో ఒకరిని పట్టుకోవాలి. భజన పెద్ద దగ్గరికి పోయాను. తాగి, యాలకులు నమిలి, కళ్లు మూసుకుని పాడితే "ఎంత తన్మయత్వం!" అని నన్ను ముందు వరసలో కూర్చోబెట్టాడు. పట్నం హకీము చేదు కషాయం ఇచ్చాడు. అది గోడవతల పారబోసి, కల్లు పేరెత్తితేనే కడుపులో తిప్పుతోందని చెప్తే ఆయన సంబరపడ్డాడు. దర్గాలో ఇచ్చిన తాయెత్తును ఎద్దు మెడకు కట్టాను. ఆ ఎద్దు మాత్రం ఇప్పటికీ చుక్క ముట్టలేదు. ఇక నా భార్య. ఆమె నేనేం చెప్పినా నమ్ముతుంది. అందుకే ఆమెను లెక్కలోకి తీసుకోలేదు.

ఊళ్లో నేను మోసం చేయలేని మనిషి ఒక్కతే, మా వదిన. మా అన్నను కల్లే తీసుకుపోయింది. ఆయనతో కాపురం చేసిన మనిషికి నా యాలకుల వాసన ఏపాటి?

పోయి అరుగు మీద కూర్చున్నాను. ఆమె జొన్నలు విసురుతోంది.

"వదినె, నన్ను జర పట్టుకో. కొట్టుకపోతున్న."

"పట్టుకోనీకి నువ్వేమన్న లేగదూడవా?" అంటూనే ఎదుటి చోటు చూపించింది. "కూసో. పిడి పట్టు."

మగవాడు విసుర్రాయి ముందు కూర్చోవడం మా దగ్గర ఎవరూ చూడలేదు. రోజూ కల్లు దుకాణం నిండే వేళకు నేను వదిన ఎదుట కూర్చునేవాణ్ణి. ఒకే పిడి మీద ఆమె చెయ్యి కింద, నా చెయ్యి పైన. తాగి ఉంటే రాయి తిరిగే తీరులోనే ఆమెకు తెలిసిపోయేది. వాడకట్టు ఆడవాళ్లంతా తమ జొన్నలు తెచ్చి మా ముందు పోసేవారు. "మరిదికి చీర కూడ కట్టరాదే!" అని నవ్వేవారు.

"కడుత గాని, మీ మొగోళ్లు ఎంటపడితె నేను కాపలా ఉండలేను," అనేది వదిన.

ఆమె సన్యాసినేం కాదు. పండగనాడు తనూ ఇంత తాగేది, నా ముందే. "నాకు కల్లు మీద పగలేదు పిలగా. నీ చేతుల కల్లుంటెనే పగ" అనేది. నా నాలుక పిడచగట్టి, లేచి పారిపోతానని ఏడ్చిన సాయంత్రాలున్నాయి. "ఏడువు. ఏడుసుకుంటనే ఇసురు. రేపటి సంగతి రేపు తిడుత" అనేది. నేను నవ్వించి తప్పించుకోబోతే మాత్రం రాయి ఆపేసేది. "మీ అన్న గూడ గిట్లనే నవ్విచ్చేటోడు. నవ్విచ్చుకుంటనే పోయిండు." అంతే, మళ్లీ రాయి తిప్పేది.

వదినకు జ్వరం పట్టాక విసుర్రాయిని మంచం పక్కకు జరిపించింది. పిడి మీద ఒక్క వేలు పెట్టేది. ఆ వేలు కాలిపోతుండేది.

"నువ్వు లేకుంటె నన్నెవరు చూస్తరు వదినె?" అని అడిగాను.

"గది నన్నెందుకడుగుతవ్? నా కొంపకొచ్చి కూసున్ననాడు ఎవరినన్న అడిగినవా?" అంది. పోయే ముందురోజు, నేను ఆలస్యంగా వచ్చానని మంచంలోంచే వాడంతా వినేటట్టు తిట్టింది.

వదిన పోయిన మూడోనాడు పిట్టకు పెట్టడానికి చెరువుగట్టు పక్క మెట్టచెలకకు అందరం పోయాం. ఆమెకిష్టమైన కూర, అన్నం ఆకులో పెట్టి పక్కన కల్లు పోశారు. కాకి వెంటనే వచ్చి ముట్టింది. ఎవరినీ ఎదురుచూడనిచ్చే మనిషి కాదు కదా. ఇక చుట్టాలు కూర్చుని లొట్లు విప్పారు. మా దగ్గర అది పద్ధతి. తాగకపోతే పోయిన మనిషికి ఇచ్చే ఆఖరి మర్యాద ఎగ్గొట్టినట్టే. వదిన తమ్ముడు నిండా పోసిన దొప్ప నా నోటి దాకా తెచ్చాడు.

"మా అక్క పేరు మీద ఒక్క గుక్క, బావా. ఆమెకు నువ్వంటె పానం."

ఆ వాసన ముక్కుకు తగిలింది. చెయ్యి దానంతట అదే చాచుకుంది. తల తిప్పి చూస్తే, ఆకులు కడుగుతూ నా భార్య కనబడింది.

"ఓ, ఇను," అని అరిచాను. "నాకు తాగాలనుంది. ఇప్పుడు తాగితె మల్ల ఆగ. నన్ను ఈడికెళ్లి తోలుకపో."

అందరూ పగలబడి నవ్వారు. "సావుకాడ గూడ ఇడువడు వీడు!" అన్నాడొకడు. నా భార్య కూడా నవ్వబోయింది. ముప్పై రకాలుగా ఆమెను వెర్రిదాన్ని చేసినవాణ్ణి, ఎందుకు నమ్మాలి?

"ఒట్టు," అన్నాను. "భయమైతుంది."

ఆమె నవ్వు సగంలో ఆగింది. నా కళ్లలోకి కాదు, చాచిన నా చేతికేసి చూసింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ లేచి వచ్చి, ఆ దొప్పను మెల్లగా వదిన తమ్ముడి వైపే జరిపింది.

"పాండ్రి," అంది.

ఎప్పుడూ నా వెనక పది అడుగుల దూరంలో నడిచే మనిషి. ఆ రోజు నా భుజమ్మీది తువ్వాల కొస పట్టుకుని, ఎద్దును తోలుకుపోయినట్టు ముందు నడిచింది. వెనక చెలకలో నవ్వులు ఇంకా వినబడుతూనే ఉన్నాయి. నేను ఒక్కసారి ఆగాను. ఆమె తిరిగి చూడలేదు. తువ్వాలను చేతికి ఇంకో చుట్టు చుట్టుకుంది.