టూషే అన్న మా తాతయ్య

నా చిన్నప్పుడు ఒకరోజు చెడుగుడులో నేను ముట్టుకున్నా ముట్టలేదని బొంకినవాడి మీద పళ్లు కొరుకుతూ ఇంటికొచ్చాను. మిలిటరీలో పనిచేసి వచ్చి, కంభం దగ్గర మా ఊళ్లో గొర్రెలు పెట్టుకున్న మా తాతయ్య అప్పుడే ఆ మాట చెప్పాడు. అక్కడ ఆఫీసర్లు మొహాలకు జాలీలు కట్టుకుని సన్నటి కత్తులతో ఆడేవారట. కత్తి మొన తగిలినవాడే, ఎవరూ అడగకముందే, 'టూషే' అనేవాడట. ఫ్రెంచివాళ్ల మాట అది, తగిలింది అని అర్థం. ఇంగ్లీషువాళ్లు దాన్ని తెచ్చుకుని, వాదనలో ఎదుటివాడి మాట సూటిగా తగిలినా అదే అనడం మొదలుపెట్టారట.

"తగిలినోడే చెప్పాల. అదీ ఆటంటే" అన్నాడు తాతయ్య.

వారం తిరక్కముందే మా దొడ్డి తడిక తెరిచి ఉండి, కుక్కలు జొరబడి గొర్రెపిల్లను చంపేశాయి. తడిక వేయలేదని తాతయ్య వీధంతా వినేలా మా అమ్మను తిట్టాడు. పుట్టింటికి పొమ్మన్నాడు. అమ్మ తలొంచుకుని నిలబడింది. నాయన పక్కనే ఉండి నోరు మెదపలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. తెల్లవారుజామున తడిక వేయకుండా పోయింది తాతయ్యే. మంచం మీదినుంచి నా కళ్లారా చూశాను.

"తడిక తీసిపెట్టి పోయింది నువ్వే గదా తాతా! నేను చూసినా. ఇప్పుడు టూషే అనవేంది?" అని అరిచాను.

పెద్దాయనకు ఎదురు చెప్తావా అంటూ నాయన నా చెంప ఛెళ్లుమనిపించాడు. రెండో దెబ్బ పడకుండా తాతయ్య ఆయన చెయ్యి పట్టుకున్నాడు. చచ్చిపడిన గొర్రెపిల్లవైపు చూశాడు. తర్వాత, తిట్టినంత గట్టిగానే, "తగిలిందమ్మా. తడిక నేనే మరిసినా. నువ్వు యాడికీ పోవద్దు" అన్నాడు. అమ్మ అప్పుడు ఏడ్చింది.

నాయన మాత్రం ఆ దెబ్బకు ఏనాడూ తప్పయిందనలేదు. నాతోనూ అనలేదు, నోరు మూసుకుని నిలబడినందుకు అమ్మతోనూ అనలేదు. అట్లాగే పోయాడు. నాకిప్పుడు డెబ్బై దాటాయి. ఆ కోపం చల్లారలేదు, చల్లారనివ్వను కూడా.

మొన్న నా బీపీ మాత్రలు కనబడలేదని కోడలి మీద ఇంతెత్తున లేచాను. అవి నా చొక్కా జేబులోనే దొరికాయి. ఎవరూ చూడలేదు. చెప్పకుండానే ఒకటి మింగి, మిగతావి మళ్లీ జేబులో దాచుకున్నాను. ఛీ, నేనూ నాయన కొడుకునే అనిపించింది. ఆయన మీది కోపంతోనే వంటింట్లోకి నడిచాను.

"మాత్రలు నా జేబులోనే ఉండాయి. తగిలిందమ్మా" అన్నాను.