కడగని ఫ్లాస్కు

పన్నెండేళ్లుగా ఒక వాసన నన్ను వదలడం లేదు. కొత్త కుండలో నీళ్లు పోస్తే ఒక వాసన వస్తుంది చూడండి, దానికి కాస్త చేదు కలిపినట్టుంటుంది. ఒక చెట్టు బెరడుది. ఆ వాసన గుర్తు లేదని నేనొక ముసలామెతో అబద్ధం చెప్పాను. ఇంట్లోవాళ్లకు కూడా ఈ సంగతి తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నేను కొత్తగూడెంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. నాన్నది బొగ్గుబాయిలో పని. మా ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న ఒకామె ఉండేది. పేరు రాయను, అక్క అనే అంటాను. కోయవాళ్ల పిల్ల. భద్రాచలం దారిలో బస్సు దిగి, అడవిలో గంటసేపు నడిస్తే వాళ్ల ఊరు. వాళ్ల అవ్వ పుండ్లకు ఒక బెరడు నూరి కట్టేది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. ఆ బెరడులో ఏముందో తేల్చాలని అక్క పట్టుదల. చెట్టు పేరు కూడా రాయను. అది అవ్వ సొత్తు.

బెరడును ఎండబెట్టి పొడి కొట్టింది నేనే. ఆ పొడిని మిథనాల్‌లో నానబెట్టి వడగడితే ఎర్రటి రసం వస్తుంది. అందులోంచి మిథనాల్‌ను తీసేయడానికి రోటరీ ఎవాపరేటర్ ఉంటుంది. మేం రోటా అంటాం. గుండ్రటి గాజు ఫ్లాస్కు గోరువెచ్చటి నీళ్లలో తిరుగుతుంటుంది. పంపు లోపలి గాలిని లాగేస్తే మిథనాల్ తక్కువ వేడికే ఆవిరై, చల్లటి గొట్టంలో మళ్లీ ద్రవమై, పక్కనున్న ఇంకో ఫ్లాస్కులోకి చుక్కలుచుక్కలుగా దిగుతుంది. మనకు కావలసింది మొదటిదాంట్లో మిగులుతుంది. ఆ పనికి ఓపిక ఒక్కటే కావాలి. నాకు లేనిది అదే. 'దీనికి చెయ్యి ముందు, బుద్ధి వెనక' అని మా అమ్మ ఊరికే అనేది కాదు.

ఆ మధ్యాహ్నం గైడ్ సార్ పిలిస్తే అక్క వెళుతూ ఫ్లాస్కు నాకు అప్పజెప్పింది. నిదానంగా చెయ్యి, గాలి ఒకేసారి లాగనియ్యకు అని చెప్పే వెళ్లింది. ఆమె తిరిగి వచ్చేసరికి పూర్తిచేసి చూపించాలని నా ఆత్రం. వ్యాక్యూమ్ ఒక్కసారిగా తిప్పేశాను. రసం పాలు పొంగినట్టు నురగతో పొంగి, గొట్టం దాటి పక్క ఫ్లాస్కులో పడింది.

అది పెద్ద ప్రమాదమేమీ కాదు. పడినదాన్ని తిరిగి పోసుకుని మళ్లీ తిప్పితే సరిపోతుంది, ఆ రెండో ఫ్లాస్కు శుభ్రంగా ఉంటే. ముందురోజు ఎవరిదో రసాయనం కూడా ఇట్లాగే పొంగినట్టుంది, దాని అడుగున పసుపు నీళ్లలాంటిది మిగిలి ఉంది. మొదలుపెట్టే ముందే దాన్ని పారబోసి కడగాలి. నేను కడగలేదు. కనబడలేదా? కనబడింది. తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

అంతా కలిపి మొదటి ఫ్లాస్కులో పోసి మళ్లీ తిప్పాను. గొట్టాలు తుడిచాను. అక్క వచ్చేసరికి అడుగున ఎర్రటి జిగురు సిద్ధం. ఆమె నా భుజం తట్టింది.

క్రిములను పెంచిన పళ్లెంలో ఆ జిగురు పెడితే దాని చుట్టూ ఒక్క క్రిమీ బతకలేదు. గైడ్ సార్ ల్యాబ్ అంతటినీ పిలిచి చూపించాడు. అక్క ఊరికి ఫోన్ చేసి అవ్వతో వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ ఆ నవ్వు అర్థమైంది. అప్పుడే చెప్పాల్సింది. బెరడు గుణమే కావచ్చు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజంగా నమ్మితే ఆ పూట అన్నం ఎందుకు సహించలేదు?

అక్క అవ్వ దగ్గర మళ్లీ బెరడు తెచ్చింది. ఈసారి క్రిములు హాయిగా పెరిగాయి. మూడోసారీ అంతే. ఆ రోజు ఫ్లాస్కులో ఏమైనా జరిగిందా అని అక్క ఒకసారి అడిగింది. ఏం జరగలేదన్నాను. చివరికి గైడ్ సారే తేల్చేశాడు. మీ అవ్వకు చూపు ఆనక వేరే చెట్టుది ఇస్తున్నట్టుంది, వెళ్లి అడుగు అన్నాడు. అక్క నన్ను తోడు రమ్మంది. వెళ్లకుండా ఉండడానికి నాకు సాకు దొరకలేదు.

ఇప్పపూల కాలం అది. వాకిట్లో చాప మీద పూలు ఎండుతున్నాయి. అక్క ఎంత మెల్లగా అడిగిందో! అవ్వ లోపలికి వెళ్లి బెరడు ముక్క తెచ్చింది. వెలుతురుకు పట్టి చూసింది. కొరికి చూసింది. వాసన చూసి, నా చేతిలో పెట్టింది.

"బిడ్డా, పొడి గొట్టింది నువ్వే గద. మొదటిదానికి గూడ గిదే వాసన ఉండెనా?"

ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అదే వాసన.

"గుర్తు లేదు అవ్వా."

"అవ్," అని తలూపింది. "నా కండ్లు పోయినయ్ అనుకున్న. ముక్కు గూడ పోయినట్టుంది."

ఆ తర్వాత ఆమె ఎవరికీ మందు కట్టలేదు. తప్పు చెట్టు ఇచ్చి ఎవరికి కీడు చేస్తానోనని భయమట. పుండుతో వచ్చినవాళ్లను వాకిట్లోంచే దవాఖానాకు పంపేసేదట. అక్క ఆ బెరడు వదిలేసి వేరే పని ఎత్తుకుంది. తోటివాళ్లంతా ముందుకు పోయారు. అవ్వ పోయి ఆరేళ్లు. చివరిదాకా కనబడిన చెట్టునల్లా తడిమి చూసుకునేదని అక్కే ఫోన్‌లో చెప్పింది. నేను ఊఁ కొట్టాను.

ఆ బెరడు పుండ్లు మాన్పేది క్రిములను చంపడం వల్లే అని ఎవరన్నారు? ముందు ఒక దొంగ ఫలితం నిలబడి ఉండకపోతే ఇంకో రకంగా వెతికేవాళ్లమేమో. ఏమో, అప్పుడైనా ఏమీ దొరక్కపోవచ్చు. అది నాకు తెలియదు. అవ్వ తప్పు చెట్టు ఇవ్వలేదని మాత్రం తెలుసు. అంతటి మనిషి తన కళ్లను తాను నమ్మకుండా పోయింది. అందుకు ఫ్లాస్కు కారణం కాదు, నేను.

ఇప్పుడు నేనూ ఒక కాలేజీలో ల్యాబ్ చూస్తున్నాను. రెండో ఫ్లాస్కు కడిగి నాకు చూపించనిదే ఎవరినీ స్విచ్ వేయనివ్వను. వెనకాల పిల్లలు నన్ను కడుగుడు మేడం అంటారు. వాళ్లతోపాటు నేనూ నవ్వుతాను.

అక్క ఇప్పటికీ నన్ను చెల్లె అనే పిలుస్తుంది. దీన్ని ఆమెకు పంపే ధైర్యం ఇవాళ్టికి లేదు. రేపు వస్తుందని మాటివ్వలేను. కానీ ఆ రోజు వాకిట్లో అడిగిన ప్రశ్నకు జవాబు ఒక్కసారైనా నా చేత్తో రాయాలి.

గుర్తుంది అవ్వా. అదే వాసన.