భానుప్రియ ఎత్తు బెల్లం

ముందు పాప గొంతు వినబడేది. "అమ్మా, నన్ను సూడు! సూడు మా!" మెట్ల మలుపులో ఒకసారి, మా గుమ్మం ముందు ఇంకోసారి. ఆ తర్వాత లోకేశ్వరి ఒక్కతే పైకి వచ్చేది, చేతిలో ఫోనుతో. పాప ఆ ఫోనులో మాత్రమే మిగిలింది.

లోకేశ్వరిది సత్యవేడు దగ్గర పల్లె. తిరుపతి బస్టాండు వెనక లాడ్జిలో దుప్పట్లు ఉతికే పని. గుండు చేయించుకున్న తలలు దిండ్ల మీద వదిలిన చందనం మరకలను ఆమె రోజంతా నీళ్లలో కలిపేసేది. చేతులెప్పుడూ నానిపోయి, ఎవరివో ముసలి చేతుల్లా ఉండేవి. మా మేడ మీద గదిలో అద్దెకు ఉండేది. చెన్నైకి పనికి పోయిన భర్త తిరిగి రాలేదు. అంతకు మించి అతని గురించి ఏమీ చెప్పలేదు.

కూతురు భానుప్రియకు ఆరేళ్లు. రక్తం జబ్బు. బిడ్డ లేస్తే కొండ మీద తులాభారం ఇస్తానని, బిడ్డ ఎత్తు బెల్లం తూస్తానని లోకేశ్వరి ఆస్పత్రి వరండాలో మొక్కుకుంది. నడుమ పాప కొన్నాళ్లు తేరుకుంది కూడా.

"అప్పుడే తీసకపోయింటే సరిపోయుండు సార్," అనేది. "ఇంత చిక్కిపోయిన బిడ్డను తక్కెట్లో కూర్చోబెడితే సామికి ఏం ముడతాది, కొంచెం ఒళ్లు చేసినాక పోదాంలే అనుకున్యా."

ఒళ్లు చేయలేదు. పాప పోయింది. మొక్కు మిగిలింది.

"పిల్లే లేనప్పుడు మొక్కు యాడిది?" అని అత్త తిరుమలమ్మ కసిరేది. "సామి నీ బెల్లం కోసరం నోరు తెరుసుకోని కూర్చోనుండాడా?"

లోకేశ్వరికి ఆ మాట ఎక్కలేదు. ఒక సాయంత్రం నా ముందు ఫోను పెట్టింది.

"మీరు కాలేజీలో బరువులు, కొలతలు ఇయ్యే కదా సార్ చెప్తారు. బిడ్డ వీడియోలు తీసేకొద్దీ ఇది బరువెక్కింది. నా చేతికి తెలస్తా ఉండాది. తక్కెట్లో పెట్టను బిడ్డ లేదు. దీంట్లో బిడ్డ బరువు ఎంతుంటే అంత బెల్లం ఇస్తా. ఉండాదా, లేదా?"

ఫోనులోకి కొత్తగా ఏదీ వచ్చి చేరదని చెప్పాను. లోపలున్న విద్యుత్ కణాలే చోటు మారతాయి. ఆ మార్పు పట్టి ఉంచే శక్తికి లెక్క ప్రకారం బరువు ఉంటుంది, కానీ ఏ తక్కెడకూ అందనంత తక్కువ. ఆమె 'బరువు ఉంటుంది' అన్నంతవరకే విన్నది.

మరునాడు గాంధీ రోడ్డులో ధనంజయ బంగారు కొట్టుకు వెళ్లాం. గాజు పెట్టెలో తక్కెడ. అతను ఫ్యాను ఆపేశాడు.

"ఊపిరి బిగబట్టండప్పా. నా తక్కెడకు సిగ్గెక్కువ. గాలి తగిలితే అంకె మార్చేస్తాది."

ఫోను పెట్టాక అంకె నిలిచింది. పక్కనున్న ఫోన్ల షాపులో వీడియోలన్నీ ఒక కార్డులోకి తీయించి, ఫోనును ఖాళీ చేయించాం. ఒక్కో బొమ్మా మాయమవుతుంటే లోకేశ్వరి బల్ల అంచు పట్టుకుని నిలబడింది. మళ్లీ తూయించాం. అదే అంకె.

"ఇంకోతూరి సూడన్నా."

చూశాడు. మారలేదు.

"ముక్కుపుడకలో రాయి ఊడినా పట్టేస్తాది తల్లీ ఇది," అన్నాడు ధనంజయ, గొంతు తగ్గించి. "దీంట్లో ఏం తగ్గలా."

"అంటే ఇంతకు ముందు గూడా ఏం లేదు," అందామె.

ధనంజయ మళ్లీ ఫ్యాను వేశాడు. కార్డును కొంగుకు ముడివేసుకుని బయటికి నడిచింది. వీధి చివర బెల్లం అంగడి ముందు ఆగింది.

"ఎంతమ్మా?" అన్నాడు అంగడివాడు.

ఆమె ఎంతో చెప్పలేదు. కొంగు పరిచి రెండు చేతులూ చాచింది. అచ్చులు ఒక్కొక్కటే పెట్టమంది. కళ్లు మూసుకుంది. ఒక్కో అచ్చు పడినప్పుడల్లా మూటను నడుము మీదికి, అక్కడి నుంచి భుజం మీదికి, నిద్రపోయిన పిల్లను సర్దుకున్నట్టు సర్దుకుంది. చుట్టూ జనం నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు. కాసేపటికి తల అడ్డంగా ఊపింది. అంగడివాడి చెయ్యి ఆగిపోయింది.

మూట చాలా చిన్నది. ఆరేళ్ల పిల్ల కదా, ఇంకో రెండు అచ్చులు వేయించమన్నాను.

"సాలు సార్. ఆకర్న ఎత్తుకున్నప్పుడు బిడ్డ ఇంతే ఉండె."